కేబుల్ అరగాలి, కంప్యూటర్ కాదు

ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ ఎక్కడం లేదంటే మొదట బ్యాటరీ మీద, తర్వాత చార్జరు మీద అనుమానపడతాం. ఆ రెండూ కలిసే చోటును, అంటే పిన్ను పోర్టులోకి వెళ్లి కూర్చునే ఆ కాసింత లోహాన్ని, ఎవరూ పట్టించుకోరు. విద్యుత్ ప్రవహించే మిగతా భాగాలు చాలావరకు డబ్బా లోపల కదలకుండా బిగిసి ఉంటాయి. ఇక్కడ మాత్రం లోహం లోహాన్ని రాసుకుంటుంది. గాలి, దుమ్ము, వేళ్ల చెమట అన్నీ దానికి తగులుతుంటాయి. వాటి మధ్యనే కరెంటూ పారుతుంది. అరుగుదల, చిలుము కలిసి దాడిచేసే చోటు ఇది. మన పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామల్లో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీలకు పనిచేసేవాళ్లకు, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు, దుకాణం లెక్కలు కంప్యూటర్లో ఉంచే వ్యాపారులకు ఈ చోటు చెడితే పని ఆగిపోతుంది. రెండు లోహాలు రోజూ రాసుకుంటున్నప్పుడు ఏదో ఒకటి అరగక తప్పదు. ఏది అరగాలో నిర్ణయించుకునే వీలు మాత్రం మన చేతిలో ఉంది. అరగాల్సింది కేబుల్, పోర్టు కాదు. నా వాదనంతా ఇదే.

నీళ్లు పడకుండానే చిలుము ఎలా పడుతుందని చాలామంది అడుగుతారు. నీళ్లు పడనక్కర్లేదు. మన వేళ్ల చెమటలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తానే లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమర్చడానికి కారణం ఇదే. మనది మెట్ట ప్రాంతం, సముద్రం దూరం, కాబట్టి భయం లేదనుకోవడం సరికాదు. మే నెలలో 45 డిగ్రీల దాకా ఎండ కాసే ఈ ఊళ్లలోనే వానాకాలపు ముసురు రోజుల్లో తేమ ఆ హద్దు దాటుతుంది. 2023 జూలైలో, 2024 సెప్టెంబరులో మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదకే వచ్చింది. అలాంటి వానల తర్వాత తెరిపి ఇచ్చినా ఇళ్ల గోడలు వెంటనే ఆరవు. నిజానికి ఒక్క తేమే ఉన్నా, ఒక్క దుమ్మే ఉన్నా ఇంత నష్టం జరగదు. ఎండాకాలమంతా దుమ్ము చేరుతుంది, తొలకరితో ఆ దుమ్ముకు తేమ పడుతుంది. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిమెంటు పొడిది క్షారగుణం, పైగా తడి తగిలితే గట్టిపడి అక్కడే కరుచుకుంటుంది. సన్నటి సందులో అలా పేరుకున్న దాన్ని తీయడం తేలిక కాదు.

తేమకూ ఉప్పుకూ వోల్టేజి తోడైతే చిలుము ఎన్నో రెట్లు వేగంగా పడుతుంది. పాజిటివ్ పిన్ను మీది లోహం సన్నటి తడిపొరలోకి కరిగి నెగటివ్ వైపు కదులుతుంది. యూఎస్‌బీ టైప్-సీ పోర్టులో 24 పిన్నులుంటాయి, వరసలో ఒక పిన్నుకూ పక్కదానికీ ఎడం అర మిల్లీమీటరే. 20 వోల్టులు మోసే పిన్నును ఆనుకునే ఒక చిన్న సిగ్నల్ పిన్ను ఉంటుంది. ఎంత వోల్టేజి కావాలో ల్యాప్‌టాప్ చార్జరుకు చెప్పేది దాని ద్వారానే. ఆ రెండింటి మధ్య తడి మురికి వంతెన కట్టిందంటే పోర్టు ఒక్కటే కాదు, దాని వెనకున్న చిప్ కూడా పోవచ్చు. పాత గుండ్రటి పిన్నులదీ ఇలాంటి కథే. డెల్ చార్జర్లలో పిన్ను నడుమ కనిపించే సన్నటి సూది పవర్ మోయదు, చార్జరు ఎన్ని వాట్లదో చెబుతుంది. దాని కాంటాక్టు పోతే చార్జరు రకం తెలియడం లేదన్న హెచ్చరిక తెర మీద పడుతుంది. ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. ఆ స్థితిలో బ్యాటరీ మార్పిస్తే డబ్బు దండగ. పెద్ద కరెంటు పలచటి చిలుము పొరను ఛేదించుకుని పోగలదు, బలహీనమైన సిగ్నల్ అలా పోలేదు. అందుకే ముందు దెబ్బతినేది మాట్లాడుకునే పిన్ను.

పవర్ మోసే పిన్నులకు వచ్చే ప్రమాదం వేడి. 65 వాట్ల చార్జరు 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు ఇస్తుంది. కాంటాక్టు దగ్గర నిరోధం 0.1 ఓం పెరిగినా ఇంచుమించు 1 వాటు వేడి అక్కడే పుడుతుంది. పెద్ద వస్తువుకు అది లెక్కలోకి రాదు గానీ, ఆవగింజంత లోహానికి, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్‌కు అది ఎక్కువే. కాంటాక్టును ఒత్తి పట్టే స్ప్రింగు వేడెక్కితే బిగువు కోల్పోతుంది. బిగువు తగ్గితే నిరోధం ఇంకా పెరుగుతుంది, దానితో వేడీ పెరుగుతుంది. చార్జింగ్ అవుతుండగా అడాప్టరు వెచ్చగా ఉండటం మామూలే. దానికంటే పిన్ను కొస ఎక్కువ వేడిగా తగిలిందంటే మాత్రం ఆ కేబుల్‌ను ఆ రోజే పక్కన పెట్టాలి.

అరుగుదల దేని మీద పడాలన్న ప్రశ్నకు తయారీదారులు వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు చెప్పారు. గుండ్రటి పిన్ను రోజుల్లో స్ప్రింగు ల్యాప్‌టాప్ లోపలి జాక్‌లో ఉండేది. పిన్నును అటూ ఇటూ వంచిన కొద్దీ ఆ స్ప్రింగు వదులయ్యేది, జాక్ సోల్డరింగ్ చిట్లేది. అంటే చవకైన వస్తువు నిలిచి, ఖరీదైనది అరిగేది. 2006లో ఆపిల్ అయస్కాంతంతో అతుక్కునే మాగ్‌సేఫ్ తెచ్చింది. కాలు తగిలితే తీగ ఊడిపోతుంది, ల్యాప్‌టాప్ కింద పడదు. 2014లో వచ్చిన టైప్-సీ, నష్టం ల్యాప్‌టాప్‌కు రాకూడదన్న ఈ ఆలోచనను స్ప్రింగుల దాకా తీసుకెళ్లింది. అందులో పోర్టు మధ్య ఉన్నది కదలని నాలుక, స్ప్రింగులన్నీ కేబుల్ తలలోనే. ముందుగా అలిసిపోయేది కేబులే కావాలని కోరి చేసిన డిజైన్ అది. ఇంత తెలివైన ఏర్పాటును మన అలవాటు వమ్ము చేస్తోంది. కేబుల్‌ను ఎప్పటికీ మార్చనక్కర్లేని వస్తువుగా చూస్తున్నాం. వదులైపోయినా పక్కకు వంచి, కింద పుస్తకం ఆనించి, కాంటాక్టు దొరికే కోణం వెతికి మరీ వాడుతున్నాం. ఆ కోణం దొరికిందని సంతోషిస్తున్న ప్రతిసారీ బరువు పడుతున్నది పోర్టు మీద.

టైప్-సీ 10,000 సార్లు పెట్టి తీసినా చెక్కుచెదరదు కదా అంటారు. ప్రమాణం చెప్పే సంఖ్య అదే. రోజుకు మూడుసార్లు లెక్కేసుకుంటే తొమ్మిదేళ్లు. కానీ ఆ పరీక్ష చేసేది యంత్రం, శుభ్రమైన పోర్టులో శుభ్రమైన ప్లగ్గును తిన్నగా పెట్టి తిన్నగా తీస్తుంది. దుమ్ము రేణువు మధ్యలో ఉంటే ప్రతి తోపూ ఒక గీత. మంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వాడుతుంటే పిన్ను తీయకపోయినా అది లోపల వెంట్రుకవాసి కదులుతూనే ఉంటుంది. ఈ రాపిడి పరీక్ష లెక్కలోకి రాదు. పైగా ఇప్పుడు ఒకే కేబుల్ ఫోనుకు, ట్యాబ్‌కు, ఇయర్‌ఫోన్లకు, ల్యాప్‌టాప్‌కు తిరుగుతోంది. చొక్కా జేబులోని ఫోను పోర్టులో చేరిన నూలుపోగు, చెమట అదే కేబుల్ మీద ఎక్కి ల్యాప్‌టాప్‌లోకి చేరతాయి. ఒకే రకం పిన్ను రావడం మంచిదే, ఆ మేలుతో పాటు వచ్చిన బాధ్యత ఇది. ల్యాప్‌టాప్‌కు ఒక కేబుల్ విడిగా కేటాయించడం దీనికి సులువైన పరిష్కారం.

పిన్నుల మీది బంగారు పూతకు చిలుము పట్టదన్నది ఇంకో వాదన. బంగారానికి పట్టదు, నిజమే. కానీ ఆ పూత ఒక మైక్రాన్ కంటే పలచన. దాని కింద నికెల్, ఆ కింద రాగి మిశ్రమం. పూత ఒక్కచోట అరిగితే చాలు, పక్కన బంగారం ఉండటం వల్లే బయటపడిన లోహం మరింత త్వరగా తినుకుపోతుంది. అందుకే గరుకు కాగితంతో రుద్ది పిన్నును మెరిపించడం మేలు చేయదు, పోయే పూతను మన చేత్తో మనమే తీసేసినట్టవుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినళ్లకు వ్యాజలైన్ రాస్తారు కదా, దీనికీ రాయొచ్చు కదా అన్న ప్రశ్నలో న్యాయముంది. అక్కడ అది పనిచేస్తుంది. పెద్ద లోహపు ముక్కలు నట్టుతో బిగించి ఉంటాయి, జిడ్డు బయట నుంచి ఆమ్లపు ఆవిరిని ఆపుతుంది. పోర్టులో రోజూ పెట్టి తీసే పని ఉంటుంది, పిన్నుల మధ్య ఎడం అర మిల్లీమీటరు. ఆ జిడ్డు దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె కూడా అంతే. తడిసిన పరికరాన్ని బియ్యంలో పెట్టే అలవాటూ మానాలి. బియ్యపు నూక, పొడి పోర్టులోకి పోయి నష్టం చేయవచ్చని ఆపిల్ తన ఫోన్ల విషయంలో స్పష్టంగానే చెబుతోంది.

మరి చేయాల్సిందేమిటి? గోడ స్విచ్ ఆపి, కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు పిన్ను తీయడం మొదటిది. కరెంటు పారుతుండగా లాగితే విడిపోయే క్షణంలో చిన్న మెరుపు పుడుతుంది, అది కాంటాక్టు మీద గుంటలు పెడుతుంది. మన గోడ సాకెట్లకు స్విచ్ ఉంటుంది, ఆ సౌకర్యాన్ని వాడుకోవాలి. గుండ్రటి పిన్ను అయితే పెట్టేటప్పుడు కూడా ముందు పిన్ను, తర్వాత స్విచ్. తీగ పట్టుకు లాగకూడదు, ప్లగ్గు తల పట్టుకుని తిన్నగా తీయాలి. తీసిన కేబుల్ నేల మీద ఉండకూడదు. తడిగుడ్డ పెట్టే చోటు, చెప్పుల దుమ్ము చేరే చోటు అదే. వదులుగా చుట్టి గుడ్డ సంచిలో ఉంచి, సంచిలో ఒక సిలికా జెల్ పొట్లం వేస్తే వానాకాలం గడుస్తుంది. శుభ్రం చేయాలంటే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జరు గోడ నుంచి తీసి, ఎన్నడూ తడవని మెత్తటి బ్రష్షుతో పోర్టును కిందకు వంచి దులపాలి. మూలల్లో గట్టిపడిన దాన్ని సన్నటి చెక్కపుల్లతో, పోర్టు మధ్య నాలుకకు తగలకుండా తీయాలి. పిన్నీసు, సూది వద్దు. నోటితో ఊదొద్దు, తుంపర లోపలికి పోతుంది. ప్లగ్గు మీద పచ్చటి మరక కనిపిస్తే నూలు రాలని గుడ్డ కొసను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి తుడిచి, పూర్తిగా ఆరాకే వాడాలి. తుడిచినా మరక పోకపోతే పూత పోయినట్టే. ఆ కేబుల్ పని అయిపోయింది.

కేబుల్ ధర ఎంతని, దీనికి ఇంత శ్రద్ధా అని అడిగేవాళ్లతో నాకు సగం అంగీకారం ఉంది. కేబుల్ చవక, నిజం. అందుకే దాన్ని సకాలంలో మార్చమంటున్నాను. ఈ శ్రద్ధంతా పోర్టు కోసం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పోర్టు విడి ముక్కగా ఉంటుంది, విప్పి మార్చేయొచ్చు. చాలా పలచటి ల్యాప్‌టాప్‌లలో అది నేరుగా మదర్‌బోర్డు మీదే సోల్డరింగ్ అయి ఉంటుంది. దాన్ని మార్చడానికి వేడిగాలి యంత్రం, భూతద్దం, అనుభవమున్న చెయ్యి కావాలి. అవి లేని చోట బోర్డే మార్చాలంటారు, బోర్డు ఖరీదు వినగానే యజమాని కొత్త ల్యాప్‌టాప్ వైపు చూస్తాడు. బాగున్న తెర, బాగున్న బ్యాటరీ, బాగున్న ప్రాసెసరు ఒక మురికి పోర్టు వల్ల చెత్తలోకి పోతాయి. కొనేటప్పుడే పోర్టు విడిగా మార్చుకునే వీలుందా అని అడగడం కొనుగోలుదారు హక్కు. వాట్లు, ఆంపియర్లు స్పష్టంగా రాసి ఉన్న కేబుల్‌నే కొనాలి. 3 ఆంపియర్లు దాటాలంటే కేబుల్ లోపల గుర్తింపు చిప్ ఉండాలన్నది ప్రమాణం. ఆ చిప్ లేని చవక కేబుల్‌కు 3 ఆంపియర్లే హద్దు.

ఇది ఇంటి వ్యవహారంతో ఆగదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. అంటే అన్ని లక్షల పోర్టులు బడుల్లోకి వచ్చాయి. భారత ప్రమాణాల సంస్థ టైప్-సీకి ప్రమాణం ప్రకటించింది. ఐరోపా సమాఖ్య ఫోన్లకు 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి టైప్-సీని తప్పనిసరి చేసింది. పిన్ను ఒకటే అయినప్పుడు దాన్ని కాపాడే పద్ధతి కూడా ఒకటే, ఒక్కసారి నేర్పితే జీవితాంతం పనికొస్తుంది. బడిలో కంప్యూటర్ పాఠం మొదలయ్యే రోజున స్విచ్ ఆపి పిన్ను తీయడం నేర్పాలి. కాలేజీ ల్యాబులు, కార్యాలయాలు పరికరాలతో పాటు ఏటా కొత్త కేబుళ్లకూ డబ్బు కేటాయించాలి. ఇంట్లో ప్రతి కేబుల్ మీదా కొన్న తేదీ మార్కర్‌తో రాసి, తొలకరికి ముందొకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడాలి. వదులైనా, పచ్చబడినా, వేడెక్కుతున్నా ఇంకా నడుస్తోంది కదా అని ఉంచకండి. నడుస్తున్నంతసేపూ అది మీ పోర్టును అరగదీస్తూనే ఉంటుంది.