శుక్రవారం పుట్టినోడు శుక్రు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా లక్ష్మీపూర్ సంతలో, ఒక టీ కొట్టు బల్ల మీద, ఈ కాలమిస్టు పాండిత్యం గాలి తీసేసింది ఒక్క మాట. చేతిలో ఒడియా రచయిత గోపీనాథ మహంతి నవల ‘పరజా’ ఉంది. అందులో కథానాయకుడి పేరు శుక్రు జానీ. మొదటిసారి చదివినప్పుడు పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్న నోటు ఇంకా చెరగలేదు: ‘శుక్రు అంటే శుక్ర గ్రహం. చీకట్లో ఒంటరి చుక్క. ప్రతీక!’ ఇంతలో సంతలోంచి ఎవరో “ఓ శుక్రూ!” అని కేకేశారు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి తలలు తిప్పారు. ఇదేం చిత్రమని అడిగితే టీ కొట్టాయన విజయనగరం యాసలో తేల్చేశాడు: “శుక్రవారం పుట్టినోడు శుక్రు, సోమవారం పుట్టింది సోంబారి. దాన్లో ఏటుంది బాబూ?”

ఏమీ లేదు. అరకు వైపు కూడా సోమ్రు, బుద్రు అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. వారం పేరు పిల్లాడికి పెట్టడం అక్కడ ఆనవాయితీ. దాన్ని గ్రహమండలానికి ఎక్కించింది కాలమిస్టే.

క్లాసిక్ నవలల్ని ‘విశ్లేషించే’ అలవాటున్న వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. కాలేజీ గైడ్లు దాన్ని ముదరబెట్టాయి. పులి అంటే దోపిడీ, నది అంటే కాలం, గొడ్డలి అంటే తిరుగుబాటు అని ఎడమవైపు వస్తువు, కుడివైపు అర్థం పెట్టి, మధ్యలో సమానం గుర్తు గీసేస్తారు. పరీక్షలో మార్కులు పడతాయి, నవల మాత్రం చేతికి చిక్కదు.

‘పరజా’ను మళ్లీ చదవడానికి కొరాపుట్‌ని మించిన చోటు లేదు. 1938లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మహంతి ఈ కొండల్లో అధికారిగా తిరిగాడు. 1945లో ఈ నవల వచ్చింది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మన విశాఖపట్నం జిల్లా ఏజెన్సీయే. కొరాపుట్ నుంచి రాయగడ వచ్చే రైలు దారిలో ‘లక్ష్మీపూర్ రోడ్’ అనే స్టేషనుంది. శుక్రు జానీ ఊరు సర్సుపదర్‌ని మహంతి ఆ లక్ష్మీపూర్ చుట్టుపక్కల కొండల్లోనే పెట్టాడు.

కథ క్లుప్తంగా ఇది. శుక్రుకి మాండియా, టిక్రా అనే ఇద్దరు కొడుకులు, జిలీ, బిలీ అనే ఇద్దరు కూతుళ్లు. భార్య సోంబారిని పులి ఎత్తుకుపోయింది. కొడుకుల కోసం నాలుగు మళ్లు పెంచుకుందామని అడివి కొడతాడు. ఫారెస్టు గార్డు కన్ను జిలీ మీద పడుతుంది. శుక్రు ఒప్పుకోడు. దాంతో చెట్లు నరికిన నేరం మీద జరిమానా పడుతుంది. జరిమానా కట్టడానికి సాహుకారు రామచంద్ర బిసోయి దగ్గర అప్పు చేస్తాడు. అప్పు తీరేదాకా చాకిరీ చెయ్యాలి. ఒడియాలో గోతి అని, విశాఖ మన్యంలో గొత్తి అని పిలిచిన వెట్టి పద్ధతి ఇదే. తండ్రి తర్వాత కొడుకులు, ఆ తర్వాత భూమి, చివరికి జిలీ. ఒక్కొక్కటీ ఆ ఇంటి గడప దాటి సాహుకారు చేతికి పోతాయి.

ఇందులో పులి ప్రతీకేనా? ఆ రోజుల్లో కొరాపుట్‌లో పులి అంటే ముందు పులే. చీకటి పడితే తలుపు బిగించుకోవడానికి అదే కారణం. దాన్ని వెంటనే దోపిడీకి గుర్తుగా మార్చేస్తే సోంబారి చావు చిన్నదైపోతుంది. పులిని పులిగానే ఉంచి చదివితే మరో లెక్క బయటపడుతుంది: పులి ఆ ఇంట్లో ఒక్క మనిషిని తీసుకుంది, అప్పుపత్రం మిగిలినవాళ్లను ఒక్కొక్కరిగా తీసుకుంది. ఈ కూడికను రచయిత ఎక్కడా విప్పి చెప్పడు. పాఠకుడే వేసుకోవాలి.

గొడ్డలి సంగతి వేరు. నవల మొదట్లో అది పనిముట్టు. శుక్రు అడివి కొట్టింది దానితోనే, అప్పుడు అతని కళ్ల ముందున్నది కొడుకుల పొలం. అదే గొడ్డలి దెబ్బలు నేరంగా మారి జరిమానా తెస్తాయి. చివర, కోర్టులో ఓడిపోయి, భూమి తిరిగిమ్మని బతిమాలి, అవమానం తిన్న తండ్రీకొడుకులు గొడ్డళ్లతోనే సాహుకారుని చంపుతారు. వస్తువు ఒకటే, మూడుసార్లు మూడు పనులు చేసింది. వారం పేరుకు దక్కని అర్థం గొడ్డలికి ఇలా దక్కుతుంది. ఎవరో ముందే అంటించింది కాదు, కథలో తిరిగి తిరిగి అది సంపాదించుకున్నది.

అయినా ‘గొడ్డలి అంటే తిరుగుబాటు’ అని రాస్తే తప్పే. చంపిన తర్వాత ఆ ముగ్గురూ అడివిలోకి పారిపోరు. నెత్తురు మరకలతో నడుచుకుంటూ వెళ్లి పోలీస్ స్టేషన్లో లొంగిపోతారు. జరిమానా వేస్తే కట్టినవాడు, అప్పు చేస్తే చాకిరీ చేసినవాడు, అన్యాయం జరిగిందని కోర్టు మెట్లెక్కినవాడు శుక్రు. హత్య చేశాక కూడా దానికి కట్టాల్సింది కట్టడానికే బయల్దేరాడు. అంత నమ్మకస్తుణ్ణి అక్కడిదాకా తోసిన చట్టం మీదే మహంతి వేలు ఉంది. ఈ నవలలో పాత్ర అర్థమయ్యాకే ప్రతీక అర్థమవుతుంది, ఇతివృత్తం ఆ రెంటి వెనకాలే వస్తుంది. గైడ్లు ఈ వరసను తలకిందులు చేస్తాయి.

తెలుగువాళ్లకు ఈ పుస్తకంలో ఇంకో రెండు మాటలు ప్రత్యేకంగా తగులుతాయి. ‘షావుకారు’ మనకు గౌరవంగా పిలిచే పిలుపు. శ్రీకాకుళం నుంచి సాలూరు దాకా కిరాణా కొట్టు ముందు నిలబడి ‘షావుకారు గారూ’ అంటాం. అదే మాట సర్సుపదర్‌లో వినబడితే ఒంట్లో వణుకు. రెండోది ‘పరజా’. తెగ పేరే అయినా, ఆ మాటకు ‘ప్రజ’తో చుట్టరికం ఉందని చాలామంది చెబుతారు. రాజుకి శిస్తు కట్టే ప్రజ. నవల పేరులోనే పాలితుడున్నాడు.

వస్తువుని చేతులు మారనిచ్చి అర్థం పెంచడం మనకు కొత్త కాదు. ‘కన్యాశుల్కం’లో మధురవాణి కంటె ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో చూస్తే, ఎవరి బండారం ఎంతో తెలిసిపోతుంది. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో ఒకొంక్వో కత్తి కూడా అంతే. ఒకసారి తన ఇంట్లో పెరిగిన కుర్రాణ్ణి నరుకుతుంది, మరోసారి దొరల కోర్టు జవానుని.

మహంతి మరో నవల ‘అమృతర సంతాన’కు 1955లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. కంధులనే తెగవాళ్ల కథ అది. రాయగడ కంధులు మాట్లాడే కువి, మన తెలుగు, రెండూ ద్రావిడ భాషల్లో ఒకే శాఖవి. ఆ నవలను ‘అమృత సంతానం’గా తెలుగు చేసిన పురిపండా అప్పలస్వామి సాలూరులో పుట్టినవాడు. సాలూరులో ఘాట్ రోడ్డెక్కితే వచ్చేది కొరాపుటే.

‘పరజా’కు బిక్రం దాస్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1987 నుంచి అందుబాటులో ఉంది. దొరికితే పెన్సిల్ పక్కన పెట్టుకుని చదవండి. అంచుల్లో అర్థాలు రాయకండి. గొడ్డలి కనిపించిన ప్రతిచోటా అంకె వేసి, అప్పుడది ఎవరి చేతిలో ఉందో, ఏ పని చేస్తోందో రాయండి. కాలమిస్టు పాత నోటుని రబ్బరుతో చెరిపేశాడు. దాని చోట ఇప్పుడు ఒక్క మాటే ఉంది: శుక్రవారం.