పిడి చేతిది, మొన కంటిది

ఈ వారం మా పెద్దమ్మకు శుక్లం ఆపరేషన్ అయింది. చూడవచ్చిన వాళ్లంతా డాక్టరుగారి హస్తవాసి గురించే మాట్లాడుకున్నారు. మంచిదే. ఆ చేతిలో ఏముందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు కష్టంగా తోచింది. పనిముట్టు చేతికి లొంగాలి గానీ చెయ్యి పనిముట్టుకు లొంగకూడదని ఈ కాలమ్‌లో ఎన్నాళ్లుగానో రాస్తున్నాను. కొడవలి పిడి గురించి రాసినప్పుడు జవాబులు రాసిన రైతులకు గుర్తుండే ఉంటుంది.

ఈ వాదనకు నేను చూపించే పెద్ద సాక్ష్యం డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. 1918లో పుట్టారు. సైన్యంలో డాక్టరుగా ఉండగా, ముప్పయ్యో ఏట కీళ్లవాతం కమ్ముకుంది. వేళ్లు శాశ్వతంగా వంకర్లు తిరిగాయి. కాన్పుల డాక్టరు కావాలనుకున్న మనిషికి ఆ దారి మూసుకుపోయింది. కలం పట్టడమే కష్టమైన ఆ వేళ్లతో కంటి వైద్యంలోకి వచ్చి, కత్తి పట్టడం నేర్చుకున్నారు. తన చేతికి తగ్గట్టు పనిముట్లు రూపొందించుకున్నారు. లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ చేతుల ఫొటో చూసినప్పుడల్లా, ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకునేవాణ్ణి.

పెద్దమ్మ పుణ్యమా అని ఈసారి ఆ పనిముట్లనే పట్టిపట్టి చూశాను. కుట్టు సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్‌కు మామూలుగా లాక్ ఉంటుంది. ఒకసారి బిగిస్తే వేళ్లకు విశ్రాంతి. కంట్లో వేసే సన్న కుట్లకు మాత్రం చాలామంది సర్జన్లు లాక్ లేనిదే కోరుకుంటారు. లాక్ విడిపించేటప్పటి చిన్న కుదుపు సూది మొనదాకా పాకుతుంది. చర్మం మీదైతే అదొక లెక్క కాదు. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు! అందుకే కుట్టు పడేదాకా ఆ పట్టు వేళ్లే మొయ్యాలి. ఫోర్సెప్స్‌కు ఉండే వంపూ అలాంటిదే. మైక్రోస్కోప్ కింద చెయ్యి చూపుకు అడ్డం రాకూడదు కనుక చెయ్యే పక్కకు తప్పుకోవాలి. టైటానియం పనిముట్ల మీది మసక నీలం అందానికి కాదు, దీపం వెలుగు తిరగ్గొట్టి సర్జన్ కళ్లలో పడకుండా. ఇక లోపల, కొత్త లెన్స్ కూర్చునే సంచి వెనక పొర వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. మిగిలిన శుక్లాన్ని పీల్చే గొట్టం దాని పక్కనే తిరుగుతుంది. ఆ గొట్టం రంధ్రం అంచున కాస్త గరుకు మిగిలినా పొర చిరగొచ్చు.

కొడవలికి చెల్లిన నా సూత్రం ఇక్కడ చెల్లదు. వెంకటస్వామిగారు పిడిని తన వేళ్లకు తగ్గట్టు మార్చుకోగలిగారు. రెండో కొస కొలతలు కన్ను నిర్ణయించినవి. వాటిని మార్చే వీలు ఆయనకూ లేదు. నొప్పి పెట్టే ఆ వేళ్లనే ఏళ్ల తరబడి సాధనతో మొనకు లొంగదీశారు. కంటి పనిముట్టు గీసేవాళ్లు పిడి దగ్గర కాదు, ఆ పొర దగ్గర మొదలుపెట్టాలి. పిడి వంతు ఆ తర్వాతే.