మేలురకం శనగ వంగడాలు – చిన్న రైతు సంక్షేమం: కొలమానాల విమర్శ

ఉపోద్ఘాతం:

మేలురకం వంగడం దిగుబడిని పెంచుతుందని, పెరిగిన దిగుబడి రైతు కుటుంబాన్ని నిలబెడుతుందని వ్యవసాయ పరిశోధనలో బలమైన నమ్మకం ఉంది. ఇథియోపియా శనగ సాగుపై వచ్చిన రెండు అధ్యయనాలను కలిపి చదివితే ఈ నమ్మకాన్ని పునఃపరిశీలించవలసిన అవసరం కనిపిస్తుంది.

రెండు అధ్యయనాలు:

వెర్కార్ట్, సహరచయితలు 2017లో ‘ఫుడ్ పాలసీ’ పత్రికలో ప్రచురించిన వ్యాసానికి మూడు విడతల కుటుంబ సర్వే ఆధారం. ఏడేళ్లలో మేలురకం శనగ వేసే కుటుంబాలు 30 శాతం నుంచి దాదాపు 80 శాతానికి చేరాయి. వారి ఆదాయం పెరిగింది, పేదరికం తగ్గింది. అత్యధిక భూమి గల వర్గం ఆదాయంపై మాత్రం గణనీయమైన ప్రభావం లేదు. చొరవ, వనరులు ఉన్న రైతులే ముందుగా కొత్త విత్తనం అందుకుంటారు. కనుక వారి సహజమైన ఆధిక్యాన్ని విత్తన ఫలితంగా పొరబడే ప్రమాదం ఉంది. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించడం ద్వారా ఈ వ్యాసం ఆ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించగలిగింది.

వెర్కార్ట్ సహరచయితగా 2019లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ ఎకనామిక్స్’లో వచ్చిన రెండవ వ్యాసం మరింత ఆలోచింపజేస్తుంది. ఈ వంగడాలు దిగుబడిని పెంచలేదని, అయినా అవి విస్తృతంగా వ్యాపించాయని అది నిరూపించింది. ఖర్చులు, లాభాలు లెక్కించినప్పుడే రైతు నిర్ణయం అర్థమవుతుంది. అంటే, ఎకరాకు ఎన్ని బస్తాలు అన్న ప్రశ్న ఒక్కటే సంక్షేమానికి కొలబద్ద కాజాలదు.

ఆంధ్ర సందర్భం:

ఈ నిర్ధారణలను కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలకు యథాతథంగా అన్వయించలేము. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి రూపొందించిన జె.జి.-11 రకం 1999లో విడుదలై, ఇక్కడ పాత అన్నిగేరి రకాన్ని చాలావరకు తొలగించింది. తక్కువ కాలంలో కోతకు రావడం, ఎండు తెగులును తట్టుకోవడం దీని బలాలు. శనగ స్వపరాగ సంపర్క పంట కావడంతో రైతు సొంత విత్తనం దాచుకోగలడు. సంకర పత్తి రైతుకు ఈ వెసులుబాటు లేదు.

అయితే ఇథియోపియాలో భూమి ప్రజల, ప్రభుత్వ ఆస్తి. దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఆంధ్రలో భూమి సొంత ఆస్తి, కౌలు సాగు విస్తృతం. పంట లాభదాయకమైతే మరుసటి ఏడాది కౌలు పెరగవచ్చు. విత్తనం తెచ్చిన లాభం పండించినవారిని దాటి భూయజమానికి చేరవచ్చు. సొంత భూమి ప్రకారం కుటుంబాలను విభజిస్తే, పదెకరాలు కౌలుకు చేసే భూమిలేని రైతు అట్టడుగు వర్గంలో చేరతాడు. సాగుభూమి ప్రకారం విభజిస్తే యజమానీ కౌలుదారూ ఒకే గాటన పడతారు. రెండు పద్ధతుల్లోనూ కౌలు భారం మరుగున పడుతుంది.

ముగింపు:

వంగడాల ప్రభావాన్ని అంచనా వేసే పరిశోధన దిగుబడి నుంచి నికర లాభానికి, అక్కడి నుంచి కౌలు చెల్లించాక మిగిలే ఆదాయానికి సాగాలి. సొంత భూమిని, కౌలు భూమిని సర్వేలోనే వేరుచేసి నమోదు చేయడం ఇందుకు తొలి మెట్టు. అది జరగనంతవరకు సగటు ఆదాయం పెరిగిందన్న నిర్ధారణ, ఆ పెరుగుదల ఎవరి చేతికి చేరిందో చెప్పలేదు.