మేస్త్రి చేతిలో రెండు మిషన్లు
మైపాడు, కోడూరు తీరాల్లో ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూ ఎక్కువ కాలం నిలవదు. అందుకే తలుపు బందులకి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు బిగించే వడ్రంగి మేస్త్రి పనితనం చూసి తీరాలి. వేపచెక్క ద్వారబంధానికి ముందు డ్రిల్లు పెడతాడు. స్క్రూ కంటే సన్నటి బిట్టు చక్‌లో బిగించి, మిషను నిటారుగా పట్టి, చిన్న బెజ్జం వేస్తాడు. ఆ బెజ్జం లేకపోతే చెక్క చీలుతుంది, లేదా స్క్రూ మెడ దగ్గర తెగుతుంది. బెజ్జం వేశాక ఇంపాక్ట్ డ్రైవర్ అందుకుంటాడు. స్క్రూ బిగుసుకోగానే లోపలి సుత్తి తిరిగే దిక్కులోనే టకటకా కొడుతుంది. జోరంతా స్క్రూకే పోతుంది, మణికట్టు మెలిపడదు. స్క్రూ తల బందుకి ఆనబోతుండగానే ట్రిగ్గర్ మీద వేలు సడలిస్తాడు. తుప్పుపట్టి మొరాయించే పాత స్క్రూలు కూడా చాలావరకు ఈ దెబ్బలకే కదులుతాయి. గోడకి అల్మారా బిగించాలంటే మళ్ళీ డ్రిల్లే, హ్యామర్ మోడ్‌లో, 8 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 8 మిల్లీమీటర్ల బిట్టుతో. ఇంటికి ఒక్కటే కొనేవాళ్ళకి ముందు డ్రిల్లే మేలు. స్క్రూ పని పెరిగితే రెండోదీ కావాల్సిందే. ఏది ఎప్పుడు తీయాలో తెలిసిన ఆ చెయ్యి బిగించిన తలుపు తుఫాను గాలికీ పట్టు వదలదు.