గేర్‌బాక్స్ దించే ముందు

ఓవర్‌డ్రైవ్ పడటం లేదనగానే గేర్‌బాక్స్ దించుదామనే మెకానిక్‌ని నేను నమ్మను. పాత ఎమ్‌జీబీ కారులో ఆ పని ఎంత పెద్దదో తెలిసినవాడు అంత తేలిగ్గా ఆ మాట అనడు. ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే పైకి లేపాలి మరి.

నేనుంటున్న షెఫీల్డ్‌లోనే లేకాక్ కంపెనీ ఒకప్పుడు ఈ ఓవర్‌డ్రైవ్‌లు తయారుచేసేది. ఎడ్గర్ డి నార్మన్‌విల్ డిజైన్ అది. గంటకు 70 మైళ్ల వేగంలో నిమిషానికి 3,900 సార్లు తిరిగే ఇంజన్, స్విచ్ వేయగానే 3,200కి దిగుతుంది. క్లచ్ తొక్కే పని లేదు. సోలెనాయిడ్ వాల్వ్‌ని కదిపితే, పంపు పుట్టించే ఆయిల్ ఒత్తిడి కోన్ క్లచ్‌ని బ్రేక్ రింగుకు అదిమి సన్ గేర్‌ని ఆపేస్తుంది. కరెంటు, ఆయిల్, ఇనుము... నేను వెతికేది కూడా ఇదే వరసలో.

ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, నాలుగో గేరులో పెట్టి స్విచ్ వేస్తాను. అడుగున టక్కుమనాలి. అనకపోతే ఆయిల్ జోలికి వెళ్లను, టెస్ట్ ల్యాంపు పట్టుకుని పసుపు వైరు వెంట పోతాను. ఎక్కువగా దొరికే దొంగ ఇన్‌హిబిటర్ స్విచ్. చిన్న గేర్లలో, రివర్స్‌లో ఓవర్‌డ్రైవ్ పడకుండా గేర్‌బాక్స్ మీద కాపలా ఉండేది అదే. గేర్ రాడ్‌ని చేత్తో పక్కకి అదిమితే పని చేసి, వదిలితే పోతుందా? తప్పు అక్కడే. ఆ స్విచ్ కింది వాషర్లు సరిచేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇంత చిన్న పనికి జనం ఎంతెంత ఖర్చు పెట్టారో విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

టక్కుమంటున్నా పడకపోతే ఆయిల్ మట్టం చూడాలి. గేర్‌బాక్స్‌కీ దీనికీ ఆయిల్ ఒకటే. నేను వాడేది 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిలే. జారుడు పెంచే అడిటివ్ ఏదీ కలపకూడదు, కోన్ పట్టు తప్పుతుంది. ఆ తర్వాత ఫిల్టర్ విప్పి కడగాలి. ఆలస్యంగా పడుతుంటే నా అనుమానం ముందు దాని మీదే. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక వదిలేస్తుంటే గేజ్ పెట్టి ఒత్తిడి చూడాలి. 400 పీఎస్ఐ చుట్టుపక్కల నిలవకపోతే పంపు, వాల్వ్, ఓ-రింగులు చూడాల్సిందే.

నన్ను నిజంగా భయపెట్టేది పడని ఓవర్‌డ్రైవ్ కాదు, పడ్డాక విడవనిది. ఆ స్థితిలో రివర్స్ వేస్తే లోపలి వన్‌వే క్లచ్ నలిగిపోతుంది. బండిని చేత్తో వెనక్కి తోసినా అదే ప్రమాదం. కోన్ అతుక్కుపోయి ఉంటే, బండి కింద దూరి బ్రేక్ రింగు మీద తోలు సుత్తితో గట్టిగా నాలుగు దెబ్బలు వేస్తే తరచూ విడిపోతుంది.