వంత మారిన చోటు

మా ఊళ్లో డిసెంబరు నెలాఖరులో ఓ పదిరోజులపాటు నాకు రోజూ రెండుసార్లు మెలకువ వచ్చేది. రాత్రి పదకొండు దాటాక చర్చి వీధి కుర్రాళ్లు క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. వెదురు బద్దల నక్షత్రం, లోపల బల్బు, ఒక డోలక్, చలికి బొంగురుపోయిన పది గొంతులు. ముందున్నాయన చరణం ముగించీ ముగించకముందే వెనకవాళ్లు ‘హల్లెలూయ’ అని అందుకునేవాళ్లు. వాళ్లు వెళ్లాక కాస్త కునుకు పడుతుందనగా, నాలుగున్నరకి రామాలయం నుంచి ధనుర్మాసం భజన బయల్దేరేది. అందులో చిడతలు మా నాన్నవి. అక్కడా అంతే. ఒకరు నామం ఎత్తుకోవడం, వెనకున్న గుంపు అందుకోవడం. దుప్పటి తల నిండా కప్పుకుని పడుకున్న పిల్లవాడికి ఆ రెండు పాటల తేడా కంటే పోలికే ఎక్కువ తెలిసేది.

బీటిల్స్ బృందంలో గిటార్ వాయించిన జార్జ్ హారిసన్ పాట ‘మై స్వీట్ లార్డ్’ మొదటిసారి విన్నప్పుడు ఆ దుప్పటి గుర్తొచ్చింది నాకు. హైదరాబాద్ హాస్టల్లో, గదిలో ఉండే స్నేహితుడి టేప్‌రికార్డర్‌లో విన్నాను. ఇంగ్లిష్ పాటలంటే డ్రమ్ముల మోత అనుకునే వయసు. ఇదేమో గిటార్ తీగల మీద మెల్లగా మొదలై, ఒక్క గొంతుతో దేవుణ్ని ‘చూడాలని ఉంది, కానీ చాలా కాలం పడుతుందేమో’ అన్న అర్థం వచ్చేలా బతిమాలుకుంటోంది. వెనక ‘హల్లెలూయ’ అని వంత వచ్చింది. కాసేపటికి చూస్తే వంత ‘హరేకృష్ణ’ అయిపోయింది. ఎక్కడ మారిందో పట్టుకోలేకపోయాను. మళ్లీ తిప్పి విన్నాను. అప్పటినుంచి ఆ పాటను వదిలింది లేదు.

ఈ పాట పుట్టింది కూడా డిసెంబరులోనే. 1969లో జార్జ్ హారిసన్ డెలానీ అండ్ బోనీ బృందంతో కలిసి కచేరీలకు కోపెన్‌హేగెన్ వెళ్లారు. విలేకరుల సమావేశం జరుగుతుంటే పక్కకు తప్పుకుని గిటార్ మీద రెండు కార్డ్స్ అటూ ఇటూ మీటుతూ కూర్చున్నారట. మీటుతూ మీటుతూ వాటిమీద ‘హల్లెలూయ’, ‘హరేకృష్ణ’ అన్న రెండు మాటలు వేసి చూశారు. అంటే పల్లవి కంటే, చరణం కంటే ముందు పుట్టింది వంత. మామూలుగా పాటగాడు ముందు తన మాట రాసుకుంటాడు, వెనక ఎవరు ఏం పాడాలో తరవాత చూసుకుంటాడు. ఇక్కడ జరిగింది తలకిందులు. పాట ఇన్నేళ్లు నిలబడటానికి మూలం అదేనని నా నమ్మకం.

జార్జ్‌కి దారి చూపించిన పాట ‘ఓ హ్యాపీ డే’. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ క్రైస్తవ కీర్తన అది. కాలిఫోర్నియాలోని నల్లజాతి యువతీయువకుల చర్చి గాయకబృందం, ఎడ్విన్ హాకిన్స్ సింగర్స్, దాన్ని చప్పట్లతో, పియానోతో కొత్తగా పాడితే 1969లో ఊరూరా మోగింది. అదే ఏడాది లండన్‌లో కాషాయం కట్టుకున్న రాధాకృష్ణ టెంపుల్ భక్తులతో జార్జ్ స్వయంగా హరేకృష్ణ మంత్రాన్ని రికార్డు చేయించారు. అదీ బ్రిటన్‌లో బాగా అమ్ముడుపోయింది. రెండు భజనలూ ఆయన చెవుల్లో ఒకే ఏడు పడ్డాయి. ఒకటి చర్చిది, ఒకటి గుడిది. మా ఊళ్లో నా చెవుల్లో పడ్డట్టే.

ఆ రెండు కార్డ్స్ సంగతి కొంచెం చెప్పాలి. గిటార్ పట్టుకున్నవాళ్లెవరైనా ఇవాళే వాయించి చూడొచ్చు. రెండో ఫ్రెట్ మీద కేపో బిగించి, ఈ మైనర్, ఏ, మళ్లీ ఈ మైనర్, మళ్లీ ఏ. మైనర్ పట్టినప్పుడు ఒక దిగులు. ‘ఏ’లోకి రాగానే ఒక వెలుగు, ఇంకా తెల్లారలేదు కానీ తూర్పున తెలుపు కనిపించినట్టు. కానీ ఈ రెండింటిలో ఏదీ ఇల్లు కాదు. శ్రుతి కుదురుకునే చోటు మూడోది, డీ కార్డ్. అక్కడికి వెంటనే చేర్చకుండా పాట మనల్ని చాలాసేపు ఈ రెండు మెట్ల మీదే తిప్పుతుంది. చరణంలో ఉన్నది ‘చూడాలని ఉంది’ అన్న ఆరాటమే కదా. ఆ ఆరాటం మాటల్లో కంటే ముందు చేతివేళ్లలో ఉంది. నేను నేర్చుకున్న కొత్తలో ఎంతసేపూ చరణం ఎలా పాడాలా అని తంటాలు పడేవాణ్ని. ఒకరోజు పాడటం మానేసి ఆ రెండు కార్డ్స్ మాత్రమే పావుగంట వాయించాను. అప్పుడుగానీ పాట నా చేతికి రాలేదు.

రికార్డింగ్ 1970 వేసవిలో లండన్‌లో మొదలైంది. బీటిల్స్ విడిపోయి ఎన్నో రోజులు కాలేదు. నిర్మాణంలో ఫిల్ స్పెక్టర్ తోడు. ఒక్క గిటార్‌తో సరిపోయేచోట నాలుగైదు ఎకూస్టిక్ గిటార్లను ఒకే గదిలో ఒకేసారి వాయించడం స్పెక్టర్ పద్ధతి. అందుకే పాట మొదట్లో వినిపించే మీటు ఒక మనిషిది అనిపించదు, వరిచేలో గాలి వీచినట్టుంటుంది. దానిమీద స్లైడ్ గిటార్. వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగమీద జార్చే వాద్యం. జార్జ్ దాన్ని చేతికి తీసుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నారు, 1966లో అందుకోసమే బొంబాయి, శ్రీనగర్ వచ్చారు. గొప్ప సితార్ విద్వాంసుణ్ని కాలేనని తెలుసుకుని తిరిగి గిటార్ పట్టారు. కానీ ఆ శిక్షణ ఎటూ పోలేదు. స్వరం మీద నేరుగా వాలకుండా కిందినుంచి జారుతూ వచ్చి ఆగడం వినండి, వీణవాళ్లు ‘జారు’ అంటారే, అది. రెండు స్లైడ్ గిటార్లు జంటగా పలుకుతుంటే మాటల్లేని ప్రార్థనలా ఉంటుంది. పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ఇక వంత. రికార్డు మీద వెనక పాడినవాళ్ల పేరు ‘జార్జ్ ఓ హారా-స్మిత్ సింగర్స్’ అని ఉంటుంది. అలాంటి బృందమేదీ లేదు. జార్జ్ తన గొంతునే మళ్లీ మళ్లీ, ఒకదానిమీద ఒకటి రికార్డు చేసి పేర్చుకుంటూ పోయారు. ఈ పాటను ఆయన ముందు తన మిత్రుడు బిల్లీ ప్రెస్టన్‌కి ఇచ్చారు. ప్రెస్టన్ రికార్డు 1970 సెప్టెంబరులో వచ్చింది. అందులో వంత పాడింది నిజంగానే ఎడ్విన్ హాకిన్స్ సింగర్స్, చర్చిలో పుట్టి పెరిగిన గొంతులు. అది చాలా బాగుంటుంది, బలంగా ఉంటుంది. అయినా జార్జ్ పాడినదే నన్ను ఎక్కువ పట్టేస్తుంది. అక్కడ అడుగుతున్నదీ జవాబిస్తున్నదీ ఒకే మనిషి. గుంపు లేదు, గుడి లేదు. రాత్రిపూట స్టూడియోలో ఒక మనిషి తనకు కావలసిన భజన బృందాన్ని తనలోంచే తయారు చేసుకుంటున్నాడు. ఈ పాట ఉన్న ఆల్బమ్ తయారవుతుండగానే, 1970 జులైలోనే, జార్జ్ వాళ్లమ్మ చనిపోయింది. ఈ సంగతి తెలిశాక ఆ వంత నాకు ఇంకోలా వినిపించడం మొదలైంది.

సగం దాటాక పాట శ్రుతి ఒక మెట్టు పెరుగుతుంది. మన భజనలో కాలం పెంచుతారు, వీళ్లు శ్రుతి పెంచారు. పని ఒకటే, కూర్చున్నవాణ్ని లేపడం. ఆ ఊపులో ‘హల్లెలూయ’ జారుకుని ‘హరేకృష్ణ’ వస్తుంది. ఆ తరవాత, తెలుగు బడుల్లో ప్రార్థన గంట కొట్టగానే చేతులు కట్టుకుని మనమంతా చెప్పిన గురుబ్రహ్మ శ్లోకం. పాప్ పాటలా వినిపిస్తే జనం ‘హల్లెలూయ’ అంటూ వెంట వస్తారని, తమకు తెలియకుండానే మంత్రం పాడతారని జార్జ్ తరవాత ఒక సంభాషణలో చెప్పారు. భయం కూడా ఉండేదట. దేవుడి పేరెత్తితే కొందరు మెచ్చుకోరని, ఒకసారి పాడాక ఆ మాటకు తగ్గట్టు బతకాల్సి వస్తుందని. 1970 నవంబరులో అమెరికాలో సింగిల్ విడుదలైంది. అక్కడ మొదటి స్థానం, తరవాతి జనవరిలో బ్రిటన్‌లోనూ మొదటి స్థానం. బీటిల్స్ నలుగురిలో సొంతంగా ఆ స్థానానికి చేరిన మొదటి పాట ఇదే. ఆయన పోయాక 2002 జనవరిలో మళ్లీ విడుదల చేస్తే బ్రిటన్‌లో మళ్లీ మొదటి స్థానమే.

కోర్టు గొడవ చాలామందికి తెలుసు. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం హిట్ చేసిన ‘హీ ఈజ్ సో ఫైన్’ పాట వరస ఇందులో ఉందని ఆ పాట హక్కుదారులు 1971లో దావా వేశారు. విన్న జడ్జి రిచర్డ్ ఓవెన్ స్వయంగా సంగీతకర్త. ఆయన తీర్పులో స్వరాలు విడదీసి చూపించారు. మన లెక్కలో చెప్పాలంటే మొదటి ముక్క ‘ప గ రి’, రెండో ముక్క ‘ప ద స ద స’. రెండు పాటల్లోనూ ఈ ముక్కలే మళ్లీ మళ్లీ వస్తాయి. జార్జ్ కావాలని చేయలేదని, తెలియకుండా మనసు అడుగునుంచి వచ్చిందని 1976లో తీర్పు చెప్పారు. తెలియకుండా తీసుకున్నా కాపీయే అన్నారు. పరిహారం ఎంతో తేలేలోగా, ఒకప్పుడు జార్జ్ వ్యాపారాలు చూసిన అలెన్ క్లెయిన్ 1978లో ఆ హక్కుల కంపెనీని కొనేశారు. క్లెయిన్ పెట్టిన 5,87,000 డాలర్లు ఆయనకు ఇస్తే చాలని 1981లో కోర్టు తేల్చింది. ఆ కేసు తరవాత కొన్నాళ్లు పాట కట్టాలంటేనే జార్జ్‌కి బెదురు పట్టుకుంది.

తీర్పు తప్పని నేననను. రెండు పాటలూ పక్కపక్కన వింటే పోలిక దాగదు. కానీ ‘ప గ రి’, ‘ప ద స’ చూడగానే మనవాళ్లకు తట్టేది వేరు. ఆ స్వరాలన్నీ మోహనలోవి. పల్లెల్లో పసిపిల్లలకు కూడా నోరు తిరిగే స్వరాలవి. భజన బృందాల్లో సినిమా వరసమీద రాముడి పాట కట్టుకోవడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. వరస ఎవరిదని అక్కడ ఎవరూ అడగరు, నామం ఎవరిదన్నదే లెక్క. రికార్డుల మార్కెట్టుకు ఆ న్యాయం సరిపోదు. పాట కట్టినవాడి పొట్టకూడు సంగతి అది. రెండు న్యాయాల మధ్య నలిగిన పాట ఇది అని మాత్రం అనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చాక మొదటి సంక్రాంతికి ఆ క్యాసెట్ పట్టుకుని ఇంటికి వెళ్లాను. అరుగుమీద నాన్న చిడతలు తుడుచుకుంటున్నారు. కర్ర చిడతలు, అంచుల్లో సత్తు బిళ్లలు, పట్టుకునే చోట నున్నగా అరిగిపోయి ఉంటాయి. ‘నాన్నా, ఒక పాట విను’ అని పెట్టాను. మొదట ఊరికే విన్నారు. ‘హల్లెలూయ’ రాగానే ‘చర్చి పాటంట్రా?’ అన్నారు. నేనేం మాట్లాడలేదు. తాంబురిన్ మోగుతుంటే వేళ్లు వాటంతటవే చిడతలమీదికి వెళ్లాయి. కాసేపటికి తల పక్కకు వంచి విని, ‘ఒరే, నామం మారిందే! ఎక్కడ మారింది?’ అన్నారు. వెనక్కి తిప్పి పెట్టాను. ఈసారీ పట్టుకోలేకపోయారు.

‘వంత ఎవరెవరు పాడారు?’ అన్నారు.

‘అతనొక్కడే నాన్నా. తన గొంతే అన్నిసార్లు.’

‘పాపం, ఒక్కడేనా’ అన్నారు.

మూడోసారి పెట్టమన్నారు. మన భజనకు మంగళహారతి ఉంటుంది, ముగింపు తెలుస్తుంది. ఈ పాటకు ముగింపు లేదు, నామాలు నడుస్తుండగానే చప్పుడు సన్నగిల్లుతూ దూరమైపోతుంది, భజన పక్క వీధిలోకి మళ్లినట్టు. పాట వినిపించడం ఆగిపోయింది. క్యాసెట్ తిరుగుతున్న చప్పుడు మాత్రమే ఉంది. నాన్న చిడతలు ఆపలేదు. కళ్లు మూసుకుని, అదే నడకలో, ఈసారి వంత తనే అందుకున్నారు.