రెంటచింతల యెండలో కాంటెస్సా

వైశాఖ జ్యేష్ఠ మాసములలో వాతావరణ వార్తలు వినువారికి రెంటచింతల పేరు క్రొత్తది కాదు. రాష్ట్రములో నేడు అత్యధికమైన యెండ ఎచ్చట కాసినదను ప్రశ్నకు మా యూరి పేరు ప్రత్యుత్తరముగా వచ్చుట చిరకాలముగా పరిపాటి. నలువదియైదు డిగ్రీలు దాటిన దినమును మేము విశేషముగా ఎంచము. రోహిణీకార్తెలో రోళ్లు పగులునను పెద్దల మాటను నాపరాతి నేలమీద పుట్టి పెరిగిన పల్నాటివారు అలంకారముగా గాక అనుభవముగానే గ్రహింతురు. ఇట్టి యూరిలో నిత్యము నడుపుకొనుటకు ఒక పాత కాంటెస్సా కారును ఉంచుకొని, దానికి మరికొంత బలమును మరికొంత చురుకును స్వల్పవ్యయముతో సమకూర్చవలెనని తలంచువాడు మొట్టమొదట దేనిమీద ధనము వెచ్చింపవలెనను ప్రశ్న నాకు కేవలము వినోదవిషయము కాదు. సంతకు, ఆసుపత్రికి, మాచర్లకు, గురజాలకు నన్ను మోసికొని పోవునది ఆ బండియే.

అమెరికాలో మజిల్ కారు అను జాతికి ప్రసిద్ధి తెచ్చినది 1964లో పాంటియాక్ వారు విడుదల చేసిన జీటీవో. మధ్యతరహా టెంపెస్ట్ కారులో 389 ఘనాంగుళముల ఎనిమిది సిలిండర్ల ఇంజనును అమర్చి, సామాన్య గృహస్థుడు కొనగలిగిన దేహములో అసామాన్యమైన బలమును నింపుటయే వారు చేసిన పని. మన దేశములో ఆ జాతికి దగ్గర బంధువు హిందుస్థాన్ మోటార్స్ వారు 1984లో తెచ్చిన కాంటెస్సా. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ కారు అచ్చును తెచ్చి మలచిన ఆ దీర్ఘమైన బానెట్టును, విశాలమైన భుజములను, వెనుక చక్రములకు బలమందు పద్ధతిని చూచి మురిసినవారు, తీరా లోన అంబాసిడరు కారులోని 1489 సీసీ ఇంజనే కూర్చున్నదని తెలిసికొని నిట్టూర్చిరి. అనంతరకాలమున జపాను ఇసుజు వారి 1817 సీసీ ఇంజనును, ఐదు గేర్ల పెట్టెను చేర్చిన పిమ్మట గాని ఆ రూపమునకు తగిన ప్రాణము రాలేదు. 2002లో ఉత్పత్తి నిలిచిపోయినది గావున, నేడు రోడ్డుమీద తిరుగు కాంటెస్సాలలో కడగొట్టుది సైతము ఇరువదియేండ్లు దాటిన బండియే.

బలము పెంచవలెనను కోరికతో వచ్చిన ప్రతివానికిని అంగడివారు చూపు వస్తువులు ఇంచుమించు ఒక్కటే: పెద్ద కార్బొరేటరు, విప్పారిన సైలెన్సరు, మెరయు గాలి ఫిల్టరు. మా ప్రాంతములో అంబాసిడర్లతోను, జీపులతోను తల నెరసిన ఒక మేస్త్రీ మాత్రము నా బండి బానెట్టు ఎత్తి, చాలసేపు మాటలాడక చూచి, "మాస్టారూ, ఈ బండికి బలం లేక కాదండీ. ఉన్న బలాన్ని ఎండ తినేస్తా ఉంది. ముందు దాన్ని ఆపండి, కొత్త బలం సంగతి తర్వాత చూద్దాం" అనెను. ఆయన మాటలో శాస్త్రమంతయు ఇమిడియున్నది. వేడియెక్కిన గాలి పలుచనగును. ఇరువదియైదు డిగ్రీల గాలికంటె నలువదియైదు డిగ్రీల గాలి సుమారు 6 శాతము పలుచన. బానెట్టు క్రింద ఇంజను వేడికి కాగి అరువదియైదు డిగ్రీలకు చేరిన గాలి 12 శాతము వరకు పలుచన. ఇంజను బలము సరిగా అదే లెక్కలో కాకపోయినను ఆ త్రోవనే తరుగును. అంగడిలో అధికమూల్యమునకు అమ్ము ఫిల్టరు తెచ్చి పెట్టునది స్వల్పము; అది బానెట్టు క్రింది వేడిగాలినే పీల్చునట్లు అమర్చినచో ఆ స్వల్పమును పోవును.

అందుచేత నేను చేయించిన తొలి మార్పు రేకుపని. ముందు జాలీవెనుక నుండి ఫిల్టరు డబ్బా నోటివరకు చల్లని బయటిగాలి వచ్చుటకు ఒక గొట్టమును, కార్బొరేటరుకు, పొగగొట్టముల వేడికి నడుమ ఒక అడ్డురేకును మేస్త్రీ అమర్చెను. పెట్రోలు గొట్టమును ఇంజను దేహమునకు దూరముగా త్రిప్పెను. మిట్టమధ్యాహ్నము పదినిమిషములు ఆపిన బండి మరల స్టార్టుకాక మొరాయించుట మా యూరిలో పాత బండ్లన్నిటికిని సామాన్యరోగము; గొట్టములో పెట్రోలు ఆవిరియై పంపునకు అందకపోవుటయే దాని కారణము. ఈ స్వల్పమైన పనితో ఆ బాధ దాదాపు తీరినది, ఎత్తు ఎక్కునపుడు పిక్‌అప్ మెరుగైనది. సొమ్ము ఖర్చు లెక్కించినచో ఒక ట్యాంకు పెట్రోలు ధరను మించలేదు.

రెండవది రేడియేటరు. దీనిని గురించి కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయన పల్నాటిలో పాత ఇంజనులు పాడగుట కిదియే ప్రధానహేతువు. రేడియేటరు వేడిని వెడలగొట్టు శక్తి దానిలోని నీటి వేడికిని బయటి గాలి వేడికిని గల అంతరముపై ఆధారపడును. ఇంజను నీరు తొంభై డిగ్రీలలో నున్నపుడు బయట ఇరువదియైదు డిగ్రీలున్నచో ఆ అంతరము అరువదియైదు. బయట నలువదియైదున్నచో నలువదియైదు మాత్రమే. అనగా వేరొక ఊరిలో చక్కగా పనిచేయు రేడియేటరు మా యెండలో మూడింట రెండువంతుల శక్తితోనే పనిచేయుచున్నదన్నమాట. దీనికి తోడు మాది సున్నపురాతి నేల. మా బోరునీటిలోని సున్నము గొట్టముల లోపల పొరలుపొరలుగా పేరుకొని, ఉన్న శక్తిని మరికొంత హరించును. కావున విజయవాడ ఆటోనగరులో రాగి, ఇత్తడి పనులు తెలిసిన కంచరి చేత కోరును మార్పించి, సన్నగొట్టముల వరుస మరియొకటి చేర్పించి, ఫ్యానుకు చుట్టును రేకు కవచము పెట్టించుట, నా దృష్టిలో ఈ బండికి చేయదగిన సర్వోత్తమమైన మార్పు. బోరునీటిని మాని, బ్యాటరీలలో పోయు శుద్ధజలమును కూలెంటుతో కలిపి పోయవలెను. రేడియేటరు మూత సైతము అల్పవస్తువు కాదు. దాని స్ప్రింగు 0.9 బార్ల ఒత్తిడిని నిలువగలిగినచో నీరు 118 డిగ్రీలవరకు మరుగదు, స్ప్రింగు సడలినచో నూరుడిగ్రీలకే పొంగును. మా వైపు కొందరు మెకానిక్కులు వేసవికి మందు అని, ఇంజను నీటి వేడిని అదుపుచేయు థర్మోస్టాటును పీకివేయుదురు. ఈ పద్ధతిని నేను అంగీకరింపను. అది లేనిచో శీతకాలపు ఉదయములలో ఇంజను తన వేడికి తాను చేరలేక, నూనె చిక్కబడి, సిలిండర్లు అరుగును. వేడికి మూలము మురికి రేడియేటరైనపుడు దానికి శిక్ష థర్మోస్టాటుకు వేయుట న్యాయము కాదు.

ఈ మధ్యకాలమున పాత బండ్లవారికి మరియొక చింత వచ్చి చేరినది. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో ఇరువది శాతమువరకు ఇథనాలు కలియుచున్నది. పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు 14.7 రెట్లు గాలి కావలసియుండగా, ఇథనాలుకు తొమ్మిది రెట్లు చాలును. కావున పూర్వపు పెట్రోలుకు అమర్చిన జెట్లు, అనగా ఇంధనము వచ్చు సన్నరంధ్రములు, గల కార్బొరేటరు క్రొత్త ఇంధనముతో గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై నడచును. అట్టి ఇంజను మరింత వేడియెక్కును, పిక్‌అప్ మందగించును. జెట్లను ఒక మెట్టు పెద్దవిగా మార్పించి, పాత రబ్బరు గొట్టములను, డయాఫ్రమ్మును ఇథనాలును తట్టుకొను వానితో మార్చుట వేగమునకును క్షేమమునకును సమానముగా అవసరము. పగిలిన గొట్టమునుండి వేడి ఇంజనుపై పడు పెట్రోలుబొట్టు ఎంతటి అనర్థమునకు దారితీయునో చెప్పనక్కరలేదు. ప్లగ్గులకు నిప్పురవ్వను సమయమునకు అందించు పాత సీబీ పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను అమర్చుట కూడ మంచిదే. ఆ తరువాత టైమింగును, టాపెట్ల సందును, ప్లగ్గులను సరిచేయించినచో, కర్మాగారము నాడిచ్చిన బలములో చాలభాగము తిరిగి చేతికి వచ్చును.

బ్రేకుల విషయమున నేను రాజీపడను. పిడుగురాళ్ల నుండి మాచర్ల వరకు గల మార్గములో సున్నపు లారీలు, సిమెంటు లారీలు, మిర్చి బస్తాలెత్తిన ట్రాక్టర్లు నిత్యము ఎదురగును; అచ్చట ఎంత వేగముగా పోగలమనుదానికంటె ఎంత దూరములో ఆగగలమనునదే ముఖ్యము. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. క్రొత్త డాట్-4 నూనె 230 డిగ్రీలవరకు మరుగదు. తేమ చేరినపిమ్మట ఆ హద్దు 155కు దిగవచ్చును. నూనె మరిగి బుడగలు పుట్టినచో పెడలు నేలకు తగులును గాని బండి ఆగదు. రెండేండ్లకొకసారి దీనిని మార్పించుటకు కొన్ని వందల రూపాయలు చాలును. టైర్లను కొనునపుడు ప్రక్కగోడపై అచ్చువేసిన నాలుగంకెలను చూచి, ఏ సంవత్సరపు ఏ వారములో తయారైనదో తెలిసికొని కొనవలెను. గీతలు లోతుగానే యున్నను వయసు మీరిన రబ్బరు మా యెండకు చిట్లును.

ఇక వలదని చెప్పదగినవి కొన్ని. కార్బొరేటర్లు జంటగా పెట్టుట, పోటీబండ్ల క్యామ్ షాఫ్టు వేయుట నిత్యము సంతకు పోవు బండికి అనుచితములు. అవి ఇంజను ఎక్కువగా తిరుగునపుడు మాత్రమే బలమిచ్చి, మా ఇరుకుదారులలో రెండవ, మూడవ గేర్లలో కావలసిన బలమును హరించును. మోతపెట్టు సైలెన్సరు ఇరుగుపొరుగు ముసలివారికి, చంటిబిడ్డలకు హింస. పైగా మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన మూలరూపమును మార్చుటను నిషేధించుచున్నదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టపరచినది. పదునైదేండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరించునపుడు అధికారులు దానిని పరీక్షింతురు గావున, ఇంజను మార్చదలచినవారు ముందుగా రవాణాశాఖ అనుమతి పొందవలెను. పైన నేను చెప్పిన పనులలో అధికభాగము అరిగినదానిని సరిచేయుటయే గాని బండి రూపమును మార్చుట కాదు.

పల్నాటిలోను, గుంటూరు పరిసరములలోను కాంటెస్సాలను, పాత అంబాసిడర్లను ఇంకను నడుపుకొనుచున్న సోదరులకు నాదొక మనవి. ఉగాది రాకమునుపే, ఎండలు ముదరకమునుపే, రేడియేటరును విప్పించి కడిగించుడు. బ్రేకు నూనెను, పెట్రోలు గొట్టములను మార్పించుడు. సైలెన్సరుకని దాచిన సొమ్మును వీనికే వెచ్చించుడు.